పారీస్‌కు సరుకు కోసం కాదు, ఊరు చూడను పోదాం

(తిరుపతిలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

సభకు నమస్కారం. మైకు వెనక వరస దాకా వినబడతా ఉందా? చెయ్యెత్తండి. సరే.

ఇంకో సంగతికి కూడా చెయ్యెత్తండి. మద్రాసు పారీస్‌కు ఒక్కసారి కూడా పోనివాళ్లు ఈ హాల్లో ఎవరున్నారు? చూసినారా, ఇద్దరే. ఇద్దరూ కాలేజీ పిల్లలు. మిగతా అందరం పోయినవాళ్లమే. కూతురు పెళ్లి పత్రికలకని, చీరలకని, అంగడి సరుకుకని, పాతరోజుల్లో అయితే హైకోర్టులో వాయిదాకని. నేను గాంధీరోడ్డులో నోటుపుస్తకాలు, పత్రికలు అమ్ముకుని బతికినవాణ్ణి. ఆండర్సన్ వీధిలో కాగితం బేరం చేసి, లారీ ఆఫీసులో బండిళ్లు పడేసి, చీకటి పడేలోపల బస్సెక్కేవాణ్ణి. అంగడి మా అబ్బాయికి అప్పజెప్పినాక అదే వీధులకు ఊరికే పోతున్నా, చేతిలో సంచి లేకుండా. మనవాళ్లకు ఆ ఊళ్లో ప్రతి అంగడీ తెలుసు. అంగడి బోర్డు దాకా చూస్తారు. బోర్డు పైన ఉన్న మిద్దెను చూడరు. ఈ సాయంత్రం నేను చూపించేది ఆ మిద్దెలను. ఫోటోలు తేలేదు. నోటితోనే తిప్పుతా, ఓపిగ్గా రండి.

మనం పారీస్ అని పిలిచేదాని అసలు పేరు జార్జిటౌన్. 1906లో వేల్స్ యువరాజు, తర్వాత ఐదో జార్జి అయినాయన, మద్రాసుకు వచ్చినప్పుడు పెట్టిన పేరది. అంతకుముందు దొరలు దాన్ని బ్లాక్ టౌన్ అనేవాళ్లు. సెయింట్ జార్జి కోటలో తెల్లవాళ్లు, కోట బయట మనవాళ్లు. దాపరికం లేకుండా ఆ పేరే పెట్టి, ఆ పేరుతోనే రెండున్నర శతాబ్దాలు కాగితాలు నడిపినారు.

పొద్దున గరుడాద్రిలో పోతే సెంట్రల్‌లో దిగుతారు. జనమంతా ఎదురుగా పెద్దరోడ్డు మీదకు పోతారు. మీరు బయటికొచ్చి ఎడమకు తిరగండి. స్టేషన్ గోడను ఆనుకునే వాల్‌టాక్స్ రోడ్డు మొదలవుతుంది. జార్జిటౌన్‌కు అది పడమటి గట్టు.

ఆ రోడ్డు కథలో మన చిత్తూరు ఉంది. హైదరాలీ ప్రాణం పోయింది ఎక్కడ? చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో, 1782 డిసెంబరు 7న. అంతకు పదమూడేళ్ల ముందు ఆయన గుర్రాలు మద్రాసు గుమ్మం దాకా పోయి, కోటలో ఉన్నవాళ్ల చేత సంధి రాయించుకుని వచ్చినాయి. ఒకపక్క ఫ్రెంచివాళ్లు, ఒకపక్క హైదరాలీ. ఆ భయంతో ఈస్టిండియా కంపెనీవాళ్లు ఊరికి పడమరా ఉత్తరమూ గోడ కట్టించినారు. కాంట్రాక్టు పాల్ బెన్‌ఫీల్డ్ అనే ఆయనకు. ఆ కాలపు కాంట్రాక్టర్ల చరిత్ర తెలిసినవాళ్లకు ఆ పేరు చెబితే చాలు. (నవ్వులు) ఖర్చును ఊళ్లోవాళ్ల దగ్గర పన్నుగా రాబట్టాలనుకున్నారు. పన్ను వసూలు కాలేదు, గోడా నిలవలేదు, పేరు మాత్రం రోడ్డుకు మిగిలింది. గోడ ముక్క ఒకటి ఉత్తరాన పాతజైలు రోడ్డు దగ్గర ఇంకా ఉంది. దాని నెత్తిన చిన్న పార్కు వేసినారు, మాడి పూంగా అంటారు. గోడకు ఉన్న గుమ్మాల్లో ఒకటి యానైకవుని, మనవాళ్లు ఎలిఫెంట్ గేటు అంటారు. గుమ్మం లేదు, పేరుంది. దాన్ని గుర్తు పెట్టుకోండి, పని పడుతుంది.

లోపలికి పోయే ముందు ఈ ఊరు ఎట్లా పుట్టిందో చెప్పాలి. అది మన ఇంటి సంగతి. 1639లో కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ డే అనే ఆయన సముద్రం ఒడ్డున ఇసకనేలకు పట్టా తీసుకున్నాడు. ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. తమ్ముడు అయ్యప్ప నాయకుడు పూనమల్లిలో ఉండేవాడు. దామెర్లవాళ్లంటే మన కాళహస్తి వాళ్లు. వాళ్ల మీద రాజు చంద్రగిరి రాయలు. 1645లో శ్రీరంగరాయలు ఆ పట్టాను మళ్లీ ఖాయం చేసినాడు. నాయకుల తండ్రి పేరు చెన్నప్ప, ఆయన పేరు మీద చెన్నపట్నం. చంద్రగిరి కోటలో రాజమహల్ ముందర ఆదివారం పూట గడ్డిలో కూర్చుని వేరుశెనక్కాయలు తింటామే, ఆ గద్దె కింద ఉన్న నాయకుడు ఇచ్చిన నేల మీదే మనం పోయి పత్రికలు అచ్చు వేయించుకుంటున్నాం. 1953లో మద్రాసు మనకు దక్కలేదని మా నాయన తరంవాళ్లు చచ్చేదాకా కుమిలినారు. ఆ తగవులోకి నేను పోను. పట్టా ఎక్కడినుంచి పోయిందో మాత్రం చెబుతున్నా.

డే పక్కన దుబాసీగా, అంటే దొరలకూ మనవాళ్లకూ నడుమ మాట కలిపేవాడిగా, నిలబడిన మనిషి బేరి తిమ్మన్న. మన తెలుగాయనే. కోటకు ఉత్తరాన చెన్నకేశవస్వామి గుడి కట్టించింది ఆయనే అంటారు. ఆ గుడి చుట్టూ మొదటి నల్ల పట్నం పెరిగింది. నేతగాళ్లు, అద్దకంవాళ్లు, కోమట్లు, బలిజలు, దుబాసీలు. ఆ పట్నం ఎక్కడుండేదంటే, సరిగ్గా ఇప్పుడు హైకోర్టు ఉన్న చోట. ఇప్పుడు అక్కడ ఒక్క ఇల్లు లేదు, ఎందుకు? 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసును పట్టుకున్నారు. 1749లో తిరిగి ఇచ్చేలోపల కోట పక్కన ఇళ్లు కొన్ని కూల్చినారు. ఇంగ్లీషువాళ్లు వచ్చి ఏం చేసినారంటే, మళ్లీ ఎవడన్నా ఆ ఇళ్ల చాటున వచ్చి కోటను కొడతాడని మిగిలినవి కూడా పడగొట్టినారు. 1757లో గుడితో సహా పోయింది. ఫిరంగికి అడ్డం లేకుండా మైదానం చేసుకున్నారు. ఇంతకు మించి ఇల్లు కట్టకూడదని 1773లో హద్దు స్తంభాలు ఆరు నాటినారు. ఐదు పోయినాయి. ఒకటి పారీ మూలలో డేర్ హౌస్ ఆవరణలో ఉంది. బస్సు దిగి దాని పక్కనుంచి ఎంతమంది పోయింటారో! ఈ హాల్లోనే సగం మంది పోయింటారు.

ఇళ్లు పోయినవాళ్లు ఉత్తరానికి జరిగినారు. అక్కడ అప్పటికే రెండు పేటలుండేవి. పడమర పెద్దనాయకన్‌పేట, తూర్పున సముద్రం వైపు ముత్యాలపేట. పెద్దనాయకుడంటే ఊరి కావలి పెద్ద. రెండు పేటల మధ్య సఖ్యత ఉండేది కాదు. కుడిచేతి కులాలు, ఎడమచేతి కులాలు అని రెండు పక్షాలు. ఎవరి పెళ్లి ఊరేగింపు ఏ వీధిలో పోవాలనే దాని మీద తలలు పగిలేవి. 1707లో పెద్ద కొట్లాట జరిగితే గవర్నరు థామస్ పిట్ నడుమ కూర్చుని, కుడిచేతివాళ్లకు పెద్దనాయకన్‌పేట, ఎడమచేతివాళ్లకు ముత్యాలపేట అని తేల్చినాడు. ఇప్పుడు ఆ పక్షాల పేర్లు అక్కడ ఎవరికీ పట్టవు. కానీ పేటల స్వభావం వేరని మీకు నడుస్తుంటేనే తెలిసిపోతుంది. పడమర అంతా సరుకు, గుడి, తిండి. తూర్పున ఆఫీసులు, వకీళ్లు, చర్చిలు, ఓడల ఏజెంట్లు.

నడుమ పల్లం ఉండేది, మురుగు పారే కాలవ. స్టీఫెన్ పోఫమ్ అనే వకీలు ఆ పల్లాన్ని పూడ్పించి రోడ్డు వేయించినాడు, 1780ల్లో. అదే బ్రాడ్‌వే. వానాకాలంలో పోండి, నీళ్లు తమ పాత దారి మరిచిపోలేదని తెలుస్తుంది. ఆ రోడ్డు పేరు ఇప్పుడు ప్రకాశం సాలై. మన టంగుటూరి ప్రకాశం పంతులే. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ వద్దని హర్తాళు జరిగింది, హైకోర్టు దగ్గర కాల్పులు జరిగినాయి. చనిపోయిన మనిషిని చూడనీయమని పోలీసులు తుపాకి అడ్డం పెడితే, పంతులుగారు చొక్కా తెరిచి రొమ్ము చూపింది ఆ పారీ మూలలోనే. ఆ మూల నుంచి మొదలయ్యే రోడ్డుకే ఆయన పేరు. పేరు పెట్టినవాళ్లు ఆలోచించే పెట్టినారో, అట్లా కుదిరిందో గానీ, తమిళనాడులో ఒక తెలుగాయనకు దొరికిన చోటుల్లో ఇది సరైన చోటు.

సరే, యానైకవుని నుంచి లోపలికి పోదాం. మొదట తగిలే పెద్ద వీధి మింట్ వీధి, తంగసాలై. 1840ల్లో ఉత్తరపు కొసన నాణేల ముద్రణాలయం వచ్చింది కాబట్టి ఆ పేరు. అంతకుముందు బట్టలు ఉతికి, చలవ చేసేవాళ్ల వీధి. కంపెనీ వ్యాపారమే బట్ట మీద నడిచింది కదా. ఈ చుట్టుపక్కలంతా సౌకార్‌పేట. మార్వాడీలు, గుజరాతీలు, జైనులు. పొద్దున పదకొండుకు పోయినవాళ్లకు ఈ వీధి అర్థం కాదు. తోపుడుబండ్లు, మోటారు బిగించిన మూడుచక్రాల బండ్లు, నెత్తిన మూటలతో "వళి, వళి", దారి దారి అని అరిచే కూలీలు. గరుడసేవ రోజు మాడవీధిలో నిలబడినట్టు, మీరు నడవక్కర్లేదు, జనమే నడిపిస్తారు. సాయంత్రం ఆరు తర్వాత పోండి. షట్టర్లు దిగుతాయి, తిండి బండ్లు వెలుగుతాయి. వేడి జిలేబీ, కుంకుమపువ్వు వేసిన బాదంపాలు, నెయ్యి కారే ఇడ్లీ. మురుకుల నడుమ దోసకాయ, టొమాటో, చట్నీ పెట్టి శాండ్విచ్ అని ఇస్తారు, నవ్వకండి, బాగుంటుంది. అప్పుడు తల ఎత్తండి. కింద ప్లాస్టిక్ బక్కెట్లు అమ్మే అంగడికి పైన చెక్క బాల్కనీ, ఇనప పూతీగల కటకటాలు, మూసి ఉన్న రంగుటద్దాల కిటికీ. కొన్నిటికి ద్వారం పక్కన తిన్నె ఇంకా ఉంది, దాని మీద సెల్‌ఫోను కవర్లు అమ్ముతున్నారు.

ఈ మింట్ వీధిలోనే 1878లో హిందూ పత్రిక మొదటి సంచిక అచ్చయింది, శ్రీనిధి ప్రెస్సులో, ఎనభై కాపీలు. దగ్గర్లోనే అన్నాపిళ్లై వీధి. 1901 మార్చి 16న పొట్టి శ్రీరాములు పుట్టిన వీధి అది. మనం ఆయన పేరు నెల్లూరికి రాసిచ్చేసినాం. ఆయన పుట్టుకా, ఆఖరి దీక్షా, చావూ మూడూ మద్రాసులోనే.

తూర్పుకు రెండు వీధులు దాటితే కొత్వాల్‌చావడి. మా చిన్నప్పుడు మదనపల్లె టొమాటో, చిత్తూరు బెల్లం, మామిడికాయ, ఏ లారీకయినా "యాడికి?" అంటే "కొత్వాల్‌చావడికి" అనేవాళ్లు. 1996లో కూరగాయల మార్కెట్టును కోయంబేడుకు మార్చినారు. ఆ నేల కన్యకాపరమేశ్వరి దేవస్థానానిది, అంటే మన ఆర్యవైశ్యులది. గుడి అక్కడే ఉంది. అర్చన చేయించుకుంటే గోత్రం తెలుగులోనే అడుగుతారు. చుట్టూ గోవిందప్ప నాయకన్ వీధి, నైనియప్ప నాయకన్ వీధి, ఎర్రబాలు చెట్టి వీధి. ఆ పేర్లు చదువుతుంటే ఏ ఊళ్లో ఉన్నామో కాసేపు అనుమానం వస్తుంది.

ఆ పేట పద్ధతి మీకు తెలిసిందే, ఒక్కో వీధికి ఒక్కో సరుకు. గోడౌన్ వీధిలో బట్ట, ఆండర్సన్ వీధిలో కాగితం, పెళ్లి పత్రికలు, కాశీచెట్టి వీధిలో ఫ్యాన్సీ సరుకు, నైనియప్పలో మందులకూ పరీక్షశాలలకూ కావలసిన రసాయనాలు. పక్కపక్కనే యాభై అంగళ్లు ఒకే సరుకు అమ్మితే వ్యాపారం ఎట్లా అని మా మనవడు అడిగినాడు. పక్కవాడి రేటు తెలియకుండా ఎవడూ అమ్మలేడు, అందుకే కొనేవాడికి నమ్మకం. లేని సరుకును పక్క అంగడి నుంచి తెప్పించి ఇస్తారు, సాయంత్రం లెక్క చూసుకుంటారు. నాకు ఆండర్సన్ వీధిలో కాగితం ఇచ్చిన సేటు తన దగ్గర లేని రకాన్ని ఎదురంగడి పిల్లవాణ్ణి పిలిచి తెప్పించేవాడు. మనిషి కుర్చీలోంచి లేవడు. వేలు ఎత్తి చూపిస్తే సరుకు వచ్చి పడేది. ఫోనులో బొమ్మ చూసి కొనే కాలంలో కూడా ఆ వీధి బతికి ఉందంటే, ఆ వేలి బలమే.

ఇప్పుడు మన తిరుపతి వాళ్లు తప్పకుండా చూడవలసిన చోటు. పూలబజారు పక్క, దేవరాజ మొదలి వీధి. 1757లో కూల్చినారే, ఆ చెన్నకేశవస్వామి గుడికి బదులుగా కంపెనీ ఇక్కడ నేల ఇచ్చింది, మణలి ముత్తుకృష్ణ మొదలి పూనుకుని 1760ల్లో కట్టించినాడు. ఒక గుడి కాదు, రెండు. చెన్నకేశవుడు, చెన్నమల్లీశ్వరుడు, గోడకు గోడ. పట్నం కోవిల్ అంటారు. అంగళ్ల మధ్య గోపురం కనపడదు, వాకిలి దగ్గరికి పోయేదాకా గుడి ఉందని తెలీదు. లోపలికి అడుగు పెడితే రోడ్డు గోల సగానికి తగ్గిపోతుంది.

ఆ గుడికీ మనకూ ఏం సంబంధం? బ్రహ్మోత్సవాల్లో గరుడసేవకు మద్రాసు నుంచి గొడుగులు వస్తాయి కదా, మీరంతా చూసినవాళ్లే. తిరుక్కుడై. ఆ గొడుగులు బయలుదేరేది ఈ చెన్నకేశవుడి గుడి ముందరనుంచి. చింతాద్రిపేటలో తయారవుతాయి, ఇక్కడ పూజ జరుగుతుంది, ఊరేగింపు మొదలవుతుంది. పదకొండు గొడుగులు. గోవిందప్ప నాయకన్ వీధి మీదుగా సాయంత్రానికి యానైకవుని దాటుతాయి. గుర్తు పెట్టుకోమన్నానే, అది ఇందుకు. ఆ దాటే ఘడియ కోసం లక్షలమంది నిలబడతారు. మార్వాడీ ఆడవాళ్లు, తమిళులు, మనవాళ్లు, అందరి నోటా "గోవిందా". తర్వాత అయినావరం, విల్లివాక్కం, తిరువళ్లూరు మీదుగా నడిచి వస్తాయి. రెండు తిరుచానూరు అమ్మవారికి, తొమ్మిది కొండకు. గొడుగులు వచ్చేటప్పుడు మనం చూస్తాం. పోయేటప్పుడు ఆ ఊరివాళ్ల ముఖాలు మనం చూడలేదు. ఒక ఏడాది యానైకవుని దగ్గర నిలబడి చూడండి. కొండ కింద పుట్టి పెరిగినవాడికి కొండ ఎంత దూరం దాకా ఉందో అక్కడ తెలుస్తుంది.

బ్రాడ్‌వే దాటితే ముత్యాలపేట. తంబుచెట్టి వీధి, లింగిచెట్టి వీధి, సుంకురామచెట్టి వీధి. తంబుచెట్టి వీధిలో కాళికాంబాళ్ గుడి. 1677 దక్షిణ దండయాత్రలో శివాజీ వచ్చి దర్శనం చేసుకున్నాడని అక్కడ చెప్పుకుంటారు. గుడి బయట ఈ వీధిని ఒకసారి ఇట్లా చూడండి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనం డబ్బుతో బొంబాయిలో 1908లో పెట్టిన ఆంధ్రపత్రిక, 1914లో మద్రాసుకు వచ్చి దినపత్రికగా నడిచింది ఈ తంబుచెట్టి వీధినుంచే. 1924లో భారతి కూడా ఆయనే తెచ్చినాడు. ఎస్ప్లనేడ్‌లో వావిళ్ల వారి పుస్తకాలు. తిరుపతిలో, కర్నూల్లో, బెజవాడలో కూర్చుని చదువుకున్నవాళ్లు ప్రపంచాన్ని తెలుసుకున్నది ఈ నాలుగు వీధుల అచ్చుమరల మీంచే. అంతకు ముందు తరంలో గాజుల లక్ష్మీనర్సు చెట్టి ఉన్నాడు. 1844లో క్రెసెంట్ పత్రిక, 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్. పన్ను కట్టలేని రైతుల్ని తాసిల్దార్లు పెట్టే హింసలు లండన్ పార్లమెంటు దాకా వినిపించిన మనిషి. దాంతో విచారణ సంఘమే వేయవలసి వచ్చింది. కాంగ్రెస్ పుట్టకముందు సంగతి ఇది. మన బడి పుస్తకాల్లో ఆయనకు ఇంకాస్త చోటు ఇవ్వాలని నా పట్టు.

బందరు వీధి ఇంకొకటి. త్యాగరాజస్వామి తీర్థయాత్రకు బయలుదేరి మద్రాసు వచ్చినప్పుడు కోవూరు సుందరేశ మొదలియార్ ఆతిథ్యం ఇచ్చింది ఆ వీధిలోనే. ఆ యాత్రలోనే ఆయన మన కొండకూ వచ్చినాడు. పగడాల వర్తకుల వీధి ఉంది. యూదు వర్తకులు మధ్యధరా సముద్రం నుంచి పగడాలు తెచ్చి, గోల్కొండ వజ్రాలు పట్టుకుపోయిన వీధి. తర్వాత నాట్టుకోట్టై చెట్టియార్లది. ఇవి నడిచిపోతూ చూసే వీధులు, ఆగక్కర్లేదు.

ఆగవలసింది ఆర్మీనియన్ వీధిలో. వీధిలో లా పుస్తకాలు, ఆంటోనీ పుణ్యక్షేత్రానికి మంగళవారం వచ్చే జనం, ఆటోలు. ఒక తెల్లగోడ, ఒక చెక్క తలుపు. తలుపు తోస్తే లోపల సంపెంగ చెట్లు, పొడుగాటి వసారా, నేల పొడుగునా సమాధి పలకలు. 1772లో కట్టిన ఆర్మీనియన్ చర్చి. పలకల మీద అక్షరాలు మనవీ కావు, ఇంగ్లీషూ కాదు. గుండ్రంగా, కొక్కేల్లా ఉంటాయి. ఒక పలక మీద పుర్రె, ఎముకలు, ఇంకో దాని మీద పూలకుండీ చెక్కినారు. గంటల గోపురం చర్చికి అంటుకోకుండా విడిగా ఉంటుంది, ఆరు గంటలు. ఆ ఆవరణలో హరూత్యున్ ష్మావోన్యన్ అనే ఫాదర్ సమాధి ఉంది. ప్రపంచంలో ఆర్మీనియన్ భాషలో మొట్టమొదటి పత్రిక, అజ్దరార్, ఆయన తెచ్చినాడు. ఎక్కడ? ఆర్మీనియాలో కాదు. ఈ బ్లాక్ టౌన్‌లో, 1794లో. తెలుగుకూ, తమిళానికీ, ఇంగ్లీషుకూ మాత్రమే కాదు, మూడు వేల మైళ్ల అవతలి భాషకు కూడా ఈ వీధులే పురుడు పోసినాయి. ఇప్పుడు మద్రాసులో ఆ జాతివాళ్లు లేరనే చెప్పాలి. కోజా పెట్రస్ ఉస్కాన్ అని వాళ్లలో ఒక పెద్ద వర్తకుడు 1726లో సైదాపేట దగ్గర అడయారు మీద వంతెన కట్టించినాడు, పరంగిమల మీదకు మెట్లు వేయించినాడు. కొండకు మెట్లు వేయించినవాణ్ణి మనం మరవకూడదు కదా. (చప్పట్లు)

అక్కడినుంచి పారీ మూల దగ్గరే. థామస్ పారీ అనే వేల్స్ దేశపాయన 1788లో వచ్చి, 1803లో ఆ మూల స్థలం కొన్నాడు. ఆయన పోయి రెండువందల ఏళ్లు. ఇప్పటికీ బస్సు కండక్టర్లు "పారీస్, పారీస్" అని ఆయన పేరే పిలుస్తున్నారు. దానికి కొంచెం పక్కన పచ్చయ్యప్ప హాలు, ఏథెన్స్‌లో ఉన్న గుడి నమూనాలో స్తంభాలు పెట్టి కట్టినది. ముందర అంగళ్లు కమ్మేసినాయి, వెతుక్కోవాలి. సముద్రం వైపు పోతే బర్మా బజారు. 1960ల్లో బర్మా నుంచి తరిమితే వచ్చినవాళ్లకు 1969లో వేసిన అంగళ్లు. ఆ వెనక వీధుల్లో ఆత్తో అని బర్మా నూడుల్స్ కలిపి ఇస్తారు. చేత్తోనే కలుపుతారు, చూసి ముఖం తిప్పుకోకండి.

ఎదురుగా ఎర్రటి హైకోర్టు, 1892. మన తాతలు కాణిపాకం, పుంగనూరు, వాయల్పాడు నుంచి భూముల తగాదాలు మోసుకుని పోయిన మెట్లు అవి. మహంతుల కాలంలో కొండ వ్యవహారాలు కూడా ఆ గదుల్లోనే వాదించుకున్నారు. దాని గుమ్మటం మీద 1894 నుంచి 1977 దాకా ఓడలకు దీపం వెలిగింది. ఆవరణలోనే ఇంకా పాతది ఉంది, 1844 నాటి రాతి స్తంభం, అదీ దీపస్తంభమే. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ ఓడ నూనె ట్యాంకుల మీద గుండ్లు వేసినప్పుడు ఒకటి వచ్చి కోర్టు గోడకు తగిలింది. అక్కడ పలక పెట్టినారు. బయటినుంచే కనిపిస్తుంది, లోపలికి మాత్రం కోర్టు పని ఉంటే తప్ప ఇప్పుడు సులభంగా వదలరు.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: మోకాళ్ల నొప్పులవాళ్లం. ఇంత నడవగలమా సార్?)

అన్నా, ఒక్కరోజులో అంతా పెట్టుకోవద్దు. పడమటి సగం ఒకసారి, తూర్పు సగం ఇంకోసారి. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా గుళ్లు మూస్తారు, ఎండా ఉంటుంది, అప్పుడు హోటల్లో కూర్చోండి. కారు తీసుకుపోవద్దు. ఆ వీధుల్లో కారు పెట్టే చోటే ఉండదు.

(ఒక శ్రోత: ఏ రోజు పోతే మంచిది?)

సరుకు కావాలంటే వారం మధ్యలో. ఊరు కావాలంటే ఆదివారం పొద్దున. అంగళ్లు చాలావరకు మూసి ఉంటాయి, గోడలు, గుమ్మాలు కనపడతాయి, నడవడానికి నేల దొరుకుతుంది. ఆర్మీనియన్ చర్చి మటుకు మామూలు రోజు పగలు చూసుకోండి, తలుపు మూసి ఉంటే కావలాయన్ని అడగండి.

(ఒక అమ్మ: తిరిగి వచ్చేటప్పుడు పారీస్‌లోనే తిరుపతి బస్సు ఎక్కొచ్చా నాయనా?)

లేదమ్మా, అది పాత మాట. 2002లో ఊళ్ల బస్సులు కోయంబేడుకు పోయినాయి, ఇప్పుడు మన వైపు బస్సులు మాధవరంలో ఎక్కాలి. పారీస్ నుంచి సిటీబస్సు ఉంది, సాయంత్రం రద్దీకి ముందే బయలుదేరండి. లేకపోతే సెంట్రల్‌కు ఆటోలో పోయి రైలు చూసుకోండి, చేతిలో మూటలుంటే అదే నయం.